ఊడని బైండింగు

మా నాన్న ఎర్మీనియో చీజ్ తూచే త్రాసులోనే స్కీ బైండింగులు కూడా తూచేవాడు. పాలకేంద్రంలో పని అయిపోయాక పళ్ళేలు తడిగుడ్డతో తుడిచి, ఒకదానిలో నా పాత జత, ఇంకోదానిలో తను తెచ్చిన కొత్త జత పెట్టాడు. నాది కిందికి దిగింది. కొత్తది గాలిలో తేలింది. చూశావా అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. తన పొట్ట మీది కొవ్వు సంగతి మాత్రం ఆ త్రాసును ఏనాడూ అడగలేదు.

కొండ ఎక్కి దిగే స్కీ పందెంలో బూటును స్కీకి పట్టి ఉంచేది బైండింగు. బూటు ముక్కును రెండు మొనలు పట్టుకుంటాయి. దిగేటప్పుడు మడమను రెండు ఇనుప వేళ్ళు పట్టుకుంటాయి. మనిషి పడితే ఆ వేళ్ళు బూటును వదిలెయ్యాలి, లేకపోతే కాలు పోతుంది. నా పాత జతలో ఎంత జోరుకు వదలాలో బిగించుకోవడానికి స్క్రూ ఉంది. కొత్తదానిలో లేదు, అందుకే తేలిక. ఆ ఇనుము ఎంత గట్టిదైతే అంత పట్టు. నాన్న తెచ్చినవి బరువైన మగవాళ్ళ కోసం చేసినవి. నేను నిలువునా తడిసినా యాభై కిలోలు తూగను.

అంతే తేలికలో ఆడవాళ్ళ కోసం మెత్తని వేళ్ళున్న జత దొరుకుతుంది. అది తెప్పించమని అడిగాను. నాన్న వినలేదు. ఎందుకు వినలేదో మా లోయలో పసిపిల్లలకు కూడా తెలుసు.

వయసులో ఉన్నప్పుడు నాన్న మా లోయ పందెంలో అందరికన్నా ముందున్నాడట. చివరి దిగుడులో గడ్డకట్టిన మంచు మీద బైండింగు ఊడిపోయింది. స్కీ ఒక్కటే జారుకుంటూ వెళ్ళి జనం ముందు ముగింపు గీత దాటింది. దాని వెనకాల నాన్న నడుచుకుంటూ వచ్చాడు. అప్పటినుంచి ఆయన ఒంటిస్కీ ఎర్మీనియో. బార్‌లో గ్రాపా సారా పోసేవాడు కూడా ఒక కాలికి పొయ్యాలా, రెండు కాళ్ళకు పొయ్యాలా అని అడిగేవాడు. నాన్న నలుగురితో పాటు నవ్వేవాడు. ఇంటికొచ్చాక మాత్రం ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

నేను పందెంలో దిగిన ఏడాది సైన్యం క్రీడాదళం వాళ్ళు చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. మా లోయ నుంచి ఒక్క అమ్మాయిని తీసుకుంటారు. తీసుకుంటే జీతమిచ్చి కొండలెక్కమంటారు. లేకపోతే పాలకేంద్రం ఉండనే ఉంది, చీకటితో లేచి రాగి కొప్పెర ముందు నిలబడటం, చీజ్ ముద్దలు ఉప్పునీళ్ళలో తిప్పడం. ఆ పనంటే నాకు అసహ్యం లేదు. కొండంటే ప్రాణం, అంతే.

"మెత్తవి తెప్పించు నాన్నా. ఇవి నన్ను వదలవు," అన్నాను.

"వదలకూడదనే తెచ్చానే. దారిలో ఊడిందనుకో, స్కీ పోతుంది, పందెం పోతుంది, పరువు పోతుంది."

"మరి పడితే?"

"పడకు."

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మా ఇంట్లో రాజు కూడా ఆయనే. నా పాత జతతోనే వెళ్తానన్నాను. నాన్న దాన్ని విప్పేసి, డ్రిల్లు తీసుకుని కొత్తవి బిగించేశాడు.

పందెం రోజు ఎక్కేటప్పుడు తేలికగా ఉన్న మాట నిజం, అబద్ధమెందుకు చెప్పాలి? కాళ్ళకు ఏమీ కట్టుకోనట్టే ఉంది. శిఖరం దగ్గర నాకు ముందు ఎవరూ లేరు. దిగుడులో, నాన్న స్కీ ఊడిన చోటికి కాస్త పైన, గడ్డకట్టిన గాడిలో నా స్కీ ముక్కు దిగబడింది. స్కీ ఆగింది, నేను ఆగలేదు. ముందుకు పడ్డాను. బైండింగు వదల్లేదు. బూటు అంచు దగ్గర ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది.

నాన్న కింది నుంచి రొప్పుకుంటూ ఎక్కి వచ్చాడు. ముందు నా మొహం చూడలేదు, కాళ్ళు చూశాడు. రెండు స్కీలూ కాళ్ళకే ఉన్నాయి. ఒక్క క్షణం ఆయన మొహంలో ఊరట కనిపించింది. అది నేను చచ్చేదాకా మర్చిపోను.

ఎముక అతికింది, కాస్త వంకరగా. సైన్యం వాళ్ళు పక్క ఊరి అమ్మాయిని తీసుకున్నారు. నేను పాలకేంద్రంలో చేరాను. ఆ బైండింగులను నాన్న గోడకు కొట్టిన మేకుకు తగిలించి ఊరుకున్నాడు. నేను కుంటుతుంటే బరువైన ముద్దలు తనే ఎత్తేవాడు. అదే క్షమాపణ అనుకోవే అని అమ్మ ఎన్నోసార్లు చెప్పింది. నాకు అలా అనుకోవడం చేతకాలేదు.

ఈ చలికాలం మా చెల్లెలు మిర్యమ్ వంతు వచ్చింది. సైన్యం వాళ్ళు మళ్ళీ వస్తున్నారు. నాన్న కొత్త జత తెప్పించి, త్రాసు పక్కనే బల్ల మీద చెల్లెలి స్కీలకు బిగించాడు. తూచలేదు. నన్ను పిలిచి ఒకసారి చూడమన్నాడు. బూటు పెట్టి, మడమ నొక్కి, పైకి లాగాను. టక్కున వదిలింది. మెత్తని వేళ్ళు.

మిర్యమ్ మొహం ముడుచుకుంది. "ఇంత మెత్తగానా? దారిలో ఊడితే ఊరంతా నవ్వుతారు. అక్కవి గోడకు ఊరికే వేలాడుతున్నాయిగా, అవి బిగించు నాన్నా."

"ఊడితే ఊడనీ," అన్నాడు నాన్న. "స్కీ పోతే నడిచి రా. నవ్వేవాళ్ళను నవ్వనీ."

ఎంత తేలిగ్గా అనేశాడు! చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు. కాలిన చేతులు నావి, ఆకులు చెల్లెలికి. దాని కాలు క్షేమంగా ఉంటుంది, నాకు సంతోషమే. సంతోషంతో పాటే ఒళ్ళు మండిపోయింది.

"ఆ మాట నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

ఆయన స్కీలో బిగిసిపోయిన స్క్రూనే ఇంకా బిగిస్తూ కూర్చున్నాడు.

"అప్పటికి నాకు తెలిసింది స్కీ పోవడమొక్కటే," అన్నాడు.

పోనీలే అనాలనుకున్నాను, నోరు రాలేదు. బూటు మళ్ళీ పెట్టి లాగాను. వదిలింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ లాగాను. ప్రతిసారీ వదులుతూనే ఉంది. చెల్లెలు నా చెయ్యి పట్టుకుని ఇక చాలక్కా అనేదాకా లాగుతూనే ఉన్నాను.