హఫీత్ కొండ కింద ఒక్క గది

రామ్మోహనరావు తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. రెండువేల తొమ్మిదిలో, దుబాయ్ జెబెల్ అలీలో ఆయన పనిచేసే కంపెనీ జీతాలు కోసింది. ఫ్లాటు ఖాళీ చెయ్యక తప్పలేదు. తెలిసిన మల్లికార్జునరావు గారింట్లో ఒక గది అద్దెకు ఉంది, ఇద్దరం సర్దుకుందామని భార్య కామాక్షి ఎంతగానో బతిమాలింది.

"మేనేజర్నయ్యుండి ఒకళ్ళ ఇంట్లో గదిలో ఉండమంటావా? నువ్వు కాకినాడ వెళ్ళు. నేను బ్యాచిలర్ల రూములో ఎలాగో పడుంటా," అన్నాడాయన. ఆదివారానికి టికెట్ కూడా తీసేశాడు. పరువు అంటే ఆయనకు అంత ప్రాణం.

పంపించేలోపు ఏదైనా చూపించాలని, శుక్రవారం సెలవునాడు అల్ ఐన్ ఊరికి తీసుకొచ్చాడు. హఫీత్ కొండ కింద పాతకాలం బాట ఒకటుంది, ఒంటెల బిడారులు నడిచిన దారంటారు. దాని పక్కన మెరకల మీద గంపలు బోర్లించినట్టు రాతి కట్టడాలు. ఆయాసంతో ఆయన వెనకబడ్డాడు. పైకి చేరేసరికి కామాక్షి చెప్పులు విడిచి ఒకదాని పక్కన కూర్చుని, దారిలో ఏరుకున్న రాళ్ళు పేరుస్తోంది. సొంతిల్లు కావాలని తిరుమల కొండ మీద అందరూ పేర్చేలాగే.

"ఏమిటే అది?"

"ఎంతమంది మొక్కుకున్న చోటో కదండీ. ఎంతెంత ఇళ్ళు పేర్చారో చూడండి."

ఆయనకు నవ్వాగలేదు. "ఓసి పిచ్చిదానా, ఇవి సమాధులే! అయిదువేల ఏళ్ళ నాటివి. సమాధి దగ్గర ఇల్లడిగినదాన్ని నిన్నొక్కదాన్నే చూశాను."

కామాక్షి ముఖం పాలిపోయింది. రాళ్ళు తీసెయ్యబోయి ఆగింది. "ఒక్కొక్కరికి ఒక్కొక్కటా?"

"కాదు. ఇంటిల్లిపాదినీ ఒకే దాంట్లో పెట్టేవారట."

"అయితే ఇళ్ళే కదండీ," అంది మెల్లగా.

ఆయన నవ్వు ఆగిపోయింది. ఆమె పేర్చినదాన్ని అప్పుడు సరిగ్గా చూశాడు. ఇల్లు కోరుకునేవాళ్ళు అంతస్తు మీద అంతస్తు లేపుతారు. ఇక్కడ రెండు రాళ్ళు నిలబెట్టి, పైన ఒక పలక. అంతే.

"ఒక్క గదేనా అడిగావు?"

ఆమె తలూపింది. రామ్మోహనరావుకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో ఈ మనిషి నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. గాలికి పలక ఊగుతోంది. ఇస్త్రీ ప్యాంటుతోనే మోకాళ్ళ మీద కూలబడి, ఒక చిన్న రాయి వెతికి సందులో దోపాడు. పలక కుదురుకుంది.

"మల్లికార్జునరావు గారి వంటింట్లో ఉల్లిపాయ కొయ్యనివ్వరట," అన్నాడు. "ఉండగలవా?"

"ఉల్లిపాయ లేకుండా ఉండగలనండీ," అంది కామాక్షి. మిగతా మాట ఏడుపులో కలిసిపోయింది.