మైసమ్మ మీదికి తోసిన చావు

బిక్షపతి నోరు పెద్దది. గుండె ఎంతదో పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో గాని బయటపడలేదు. భద్రాచలం అడవి అంచున ఉన్న బొగ్గుబాయిలో పనిచేస్తూ, ప్రతి ఆదివారం యూనియన్ ఆఫీసులో తోటి కార్మికులకు పాఠాలు చెప్పేవాడు. మనిషిని ఏ దేవుడూ చేయలేదనీ, కోతి జాతి నుంచి వచ్చాడనీ నూరేళ్ల కిందటే తేల్చిన ఇంగ్లండు పండితుడి గురించి చెప్పేవాడు. దేవుడి పేరు చెప్పి పేదవాణ్ణి జోకొడుతున్నారన్న జర్మనీ గడ్డం పెద్దాయన గురించీ చెప్పేవాడు.

విన్నవాళ్లంతా బుద్ధిగా తలలూపి, సోమవారం బాయిని కాచే అమ్మవారు మైసమ్మ గద్దెకు మొక్కాకే బాయిలోకి దిగేవారు. మొక్కనిదే దిగకూడదన్నది తాతలనాటి కట్టడి. ఎవరూ చూడకుండా బిక్షపతి కూడా చెయ్యి గుండెకు తాకించుకునేవాడు.

ఆ పాఠాలు విన్న కార్మికుల్లో ముత్యాలు ఒక్కడే నిజంగా నమ్మాడు. మొక్కడం మానేశాడు. అమ్మవారు కాయదు కాబట్టి మనమే చూసుకోవాలని, రోజూ కర్రతో బాయి లోపలి పైకప్పు కొట్టి చూసేవాడు.

"కప్పు గుల్లగున్నది, కింద కర్రలు నిలబెట్టియ్యున్రి," అని బాయిలో పని చూసే సర్దారును వారంపాటు అడిగాడు. బిక్షపతి పక్కనే ఉన్నాడు.

"మైసమ్మనే అడగనోనివి, నన్నెందుకడుగుతున్నవ్ రా?" అని సర్దారు నవ్వాడు.

ఎనిమిదో రోజు కప్పు కూలింది. ముత్యాలు శవం బయటికి రాకముందే, మైసమ్మకు కోపమొచ్చిందన్న మాట బయటికొచ్చింది. మేనేజరు తన తరఫున అమ్మవారికి మేకపోతును ఇప్పించాడు. కర్రలు తెప్పించడం కంటే అది తేలిక కదా!

ఆ చావు మీద కంపెనీ ఎంక్వయిరీకి ముందురోజు ముత్యాలు భార్య సమ్మక్క బిక్షపతి ఇంటికొచ్చింది.

"అన్నా, ఆయన కర్రలడిగిన సంగతి నీకెరుక. తప్పంత ఆయనదే అని రాస్తరట. నువ్వొక్కనివి నిజం చెప్తె చాలు."

"అవ్ చెల్లే, చెప్త," అన్నాడు. అప్పటికి నిజంగానే చెబుదామనుకున్నాడు, పాపం.

మర్నాడు ఆఫీసు కిటికీల నిండా కార్మికుల మొహాలే. "మైసమ్మకు మొక్కొద్దని అతనికి నేర్పిందెవరు?" అని మేనేజరు మెల్లగా అడిగాడు. బిక్షపతి కిటికీల వైపు ఓసారి చూశాడు.

"నాకెరుక లేదు సార్. వానికే పొగరు. కర్రల మాట నేనెన్నడు ఇనలే."

బయట మెట్ల మీద సమ్మక్క ఎదురొచ్చింది. ఏడవలేదు. తిట్టినా బాగుండేది.

"నా మొగడు మైసమ్మను నమ్మక సావలే, అన్నా. నిన్ను నమ్మి సచ్చిండు."

ఆ మధ్యాహ్నం బిక్షపతి షిఫ్టుకు దిగాడు. ముత్యాలు పోయిన చోట కర్రలు ఇంకా నిలబెట్టలేదు. పెట్టమని అతనూ అడగలేదు.