ఫోన్లో సారు

పులివెందులకు కాపురానికి వచ్చిననాడు మహమూదా చేతిలో ఉన్న పెట్టుబడి రెండే. ప్రొద్దుటూరులో ఆయిల్ ఇంజన్లు బాగుచేసే నాయన ఇచ్చిన ప్లగ్గు స్పానరు ఒకటి, ఆయన పక్కన కూచుని పదేళ్లు సాన పట్టిన చెవి ఇంకొకటి. ఇంజన్ నాలుగు చుట్లు తిరిగితే చాలు, జబ్బెక్కడుందో ఆ చెవికి తెలిసిపోయేది. మొగుడు వలి బాషా దగ్గర ఉన్నది ఒక బోర్డు. 'వలి బాషా ఇంజన్ వర్క్స్'. బోర్డు వీధిలోకి, చెవి వంటింట్లోకి. మధ్యలో ఒక పరదా.

పద్దెనిమిదేళ్లుగా పని నడిచేది ఇట్లా. రైతులు మందు కొట్టే స్ప్రేయర్లో, నీళ్ల పంపులో తెచ్చి అంగట్లో దింపుతారు. "రేపు రాపో అప్పా" అంటాడు బాషా. వాళ్లు వీధి మలుపు తిరగ్గానే ఇంజన్ పరదా కిందుగా లోపలికొస్తుంది. పొయ్యి మీద సంగటి, పక్కన పీట మీద కార్బరేటరు. బాగైన ఇంజన్ మళ్లీ పరదా దాటుతుంది. అప్పుడు బాషా ఆమె గ్రీజు డబ్బాలో వేలు ముంచి మెటికల మీద కొంత, చొక్కా జేబు మీద కొంత పూసుకుంటాడు. అద్దంలో చూసుకుని మరీ పూసుకుంటాడు. పెళ్లయిన కొత్తలో మహమూదా అది చూసి నవ్వేది. ఇప్పుడు ఆ వేలు డబ్బాలోకి దిగుతుంటేనే మొహం తిప్పుకుంటుంది.

"దీని చేతి కూడు పెట్రోలు కంపు, డోకొస్తాది" అంటుంది అత్త మాబున్ని. అదే అత్త వీధి అరుగు మీద కూచుని, "మావోని చేతిలో ఏముండాదో గానీ, సచ్చిన ఇంజన్ లేచి కూచుంటాది" అంటుంది. మహమూదా రెండు మాటలూ వింటూనే గిన్నెలు తోముకుంటుంది.

ఈసారి వచ్చిన పని పరదా కింద పట్టేది కాదు. తొండూరు దారిలో ఒక ప్రైవేటు స్కూలు ఉంది. దాని గ్రౌండులో గడ్డి కోసే బండి, మనిషి ఎక్కి కూచుని చిన్న ట్రాక్టరులా నడిపేది, వారం కిందట ఆగిపోయింది. నడిపేది ఆ స్కూలు ఊడ్చే మునెమ్మ. శనివారం ఆటల పోటీలు. బండి లేస్తే స్కూలు జనరేటరు, పంపులు కూడా నీకే అప్పగిస్తానని కరెస్పాండెంటు సుబ్బరత్నమ్మ బాషాకు చెప్పింది.

బండి రాలేదు గానీ దాని కార్బరేటరు ఇంటికొచ్చింది. బండితో ఇచ్చిన పుస్తకంలోంచే నాలుగు కాగితాలు చించి దాన్ని చుట్టి తెచ్చాడు బాషా. పాత పెట్రోలు జిగురు కట్టి సన్న రంధ్రం పూడిపోయింది. మహమూదా తీగతో పొడిచి, కడిగి, ఊది చూసి ఇచ్చింది. జిడ్డు కాగితాలను పారేయకుండా గోడకు ఆరేసి, అందులోని బొమ్మలన్నీ చూసింది.

శుక్రవారం పొద్దున ఎసట్లో పిండి పోస్తుంటే ఫోను మోగింది.

"నమస్తే సార్. బాషాను సార్, పులివెందుల."

ఇదీ పాత వేషమే. బాషా బయటి పనికి పోయి ఫోన్ చేసినప్పుడు, చుట్టూ ఉన్నవాళ్లకు ఆమె బెంగళూరు కంపెనీ ఇంజినీరు. ఇంట్లో 'మేయ్', ఫోన్లో 'సార్'.

"స్టార్టరు తిరుగుతాంది సార్, ఇంజన్ అంటుకోలే."

"ప్లగ్గు విప్పి చూసినావా? స్పార్కు ఉండాదా?"

"లేదు సార్."

ఆమె గోడ మీది బొమ్మ వంక చూసింది. "సీట్లో ఎవరన్నా కూచున్నారా? సీటు కింద స్విచ్చు ఉంటాది. మనిషి బరువు పడకుంటే స్పార్కు రాదు."

"కూచునే ఉండాం సార్."

వెనక ఆడగొంతు వినపడింది. "నేను ఎక్కేదా బాషన్నా?"

"పక్కకు జరుగు మునెమ్మా, మగోళ్లం ఇంతమంది చూస్తాంటే!"

"అట్లయితే మీరే ఎక్కి కూచోండి."

"నువ్వు కూచునే సీట్లో మేం కూచునేదేంది?" ఇంకెవడో మగాడన్నాడు. నవ్వులు. అందులో బాషా నవ్వు కూడా ఉంది. ఆ చెవి దాన్ని విడిగా పట్టుకుంది.

తరవాత గుసగుసగా, "మేయ్, నువ్వు సరిగ్గా కడగలే. నా పరువు పోతాంది. ఇంటికొచ్చి చెప్తా నీ పని." వెంటనే గొంతు పెంచి, "థ్యాంక్యూ సార్!"

ఫోను పెట్టేశాక కూడా ఆ 'సార్' చెవిలో జిడ్డులా అంటుకునే ఉంది. ఇన్నేళ్లూ తన పనిని మొగుడు దొంగిలిస్తున్నాడనుకుంది. కాదు, దొంగకు కూడా సరుకు విలువ తెలుస్తుంది. ఈ మనిషి ఆమె మాట అడుగుతాడు, 'సార్' అంటాడు, కానీ వినడు. ఒక ఆడది కూచున్న సీటు తగిలితే మాసిపోతామని అంతమంది మగాళ్లు ఒక ఇంజన్ చుట్టూ ఎండలో నిలబడి, తప్పు ఇంకొక ఆడదాని మీద వేస్తున్నారు. కోపం వస్తే బాగుండేది. వచ్చింది మాత్రం రోత. చెత్తబుట్టలోంచి మొన్నటి కూర వాసన వచ్చినట్టు.

పొయ్యి మంట తగ్గించి, స్పానరు సంచిలో వేసుకుంది.

"యాడికి మే, సంగటి సగంలో పెట్టి?"

"సారు గ్రౌండు చూసొస్తాడంట అత్తా. నువ్వు కెలుకుతా ఉండు."

ఆటో దిగేసరికి బాషా, స్కూలు మగాళ్లు ఇద్దరు బండి చుట్టూ ఉన్నారు. మునెమ్మ తుండుగుడ్డ పరిచిన సీటు ఖాళీగానే ఉంది. బాషా మెటికల మీద గ్రీజు ఉంది, వేళ్ల చివర్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి.

"నువ్వేంది ఈడ?"

ఆమె సంచిలోంచి స్పానరు తీసింది. ప్లగ్గు బిగించి, "మునెమ్మా, ఎక్కి కూచో" అంది.

"నేను లేస్తే ఆగిపోతాది, రోజూ చూస్తాండా అని నిన్ననే చెప్పినాక్కా. వీళ్లు ఇంటారా?" మునెమ్మ ఎక్కి బ్రేకు తొక్కి తాళం తిప్పింది. రెండో తిప్పుకు ఇంజన్ నల్లగా పొగ దగ్గి అందుకుంది. చప్పుడు కుదురుగా ఉంది. రంధ్రం శుభ్రంగానే ఉంది.

సుబ్బరత్నమ్మ ఆఫీసులోంచి బయటికొచ్చింది. "శభాష్ బాషా! ఆ బెంగళూరు సారుకు కూడా నా థ్యాంక్స్ చెప్పప్పా."

"తప్పకుండా మేడం" అన్నాడు బాషా, పెళ్లాం మొహం చూడకుండా.

"చెప్పే పన్లేదమ్మా" అంది మహమూదా. "ఫోన్లో సారును నేనే."

మునెమ్మ పకాలున నవ్వింది. సుబ్బరత్నమ్మ బాషా చేతులు చూసింది, తరవాత మహమూదా గోళ్లలో ఇంకిన నలుపు చూసింది.

"అయితే జనరేటరు చూసేదానికి ఎవరొస్తారు?"

"నేనొస్తా. ఫోన్ చేసే పనుండదు."

ఆ సాయంత్రం మొగుడు గ్రీజు చేతులతోనే మూలన కూచున్నాడు. అత్త, "మావోని పరువు తీస్తివి కదే" అని శానాసేపు ఏడ్చింది. మహమూదా స్టూలెక్కి పరదా విప్పింది. పద్దెనిమిదేళ్ల పొగ, నూనె తాగిన గుడ్డ, బరువుగా ఉంది. చించితే పన్నెండు తుడుపుగుడ్డలొచ్చాయి. పదకొండు తన స్పానరు పక్కన మడిచి పెట్టుకుంది. పన్నెండోది మొగుడి ఒళ్లో వేసింది.

"చేతులు తుడుచుకో మామా."