చప్పుడు లేని పాట

చింతపండులోంచి గింజలు తీస్తూనే పద్మకుమారి ఎడమకాలి మడమ కింద పెట్టి, వేళ్లు పైకెత్తింది. కుడి, ఎడమ, వెనక్కి. గోనెసంచి మీద కూర్చున్నా పాదాలు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. నారాయణపట్న కొండల నుంచి దిగిన సరుకు గొడౌన్ సగందాకా పేరుకుని ఉంది. పులుపు పట్టి ఆమె వేళ్ల చివర్లు గోధుమరంగుకు తిరిగిపోయాయి. గోళ్ల సందుల్లో నలుపు ఎంత తోమినా వదలదు.

"కోరాపుట్ అవతల లమ్తపుట్ హాస్టల్లో వంటమనిసి కావాలంటమ్మా. మా సెల్లి అక్కడే ఉంది. నీ గురించి సెప్పమంటావా?" బస్తా దించుతూ అడిగింది ఎర్రమ్మ. ఆమె ఆ గొడౌన్లోనే మోతపని చేస్తుంది.

"నానెక్కడికెల్తానే," అంది పద్మకుమారి.

భర్త పోయాక ఆమెను ఎవరూ వెళ్లమనలేదు, ఉండమనీ అనలేదు. బావ భీమారావు కొట్టు నడుపుతాడు. అత్త అమ్మన్నమ్మ ఇల్లు నడుపుతుంది. రాయగడ వచ్చి ఇన్నేళ్లయినా ఆమెకు తెలిసిన దారి, మేడమీది వంటింటి నుంచి కింద గొడౌన్ దాకా ఉన్న మెట్లే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్త నిద్రపోయే వేళ మాత్రం ఆమెది.

భీమారావు కూతురు మనీషా ఇంటర్ చదువుతోంది. టీవీ గేముతో పాటు వైజాగ్ నుంచి ఒక డ్యాన్స్ మ్యాట్ తెప్పించుకుంది. టీవీలో పాట మోగుతూ, దానికి తగ్గట్టు బాణం గుర్తులు పైకి వస్తుంటే, అవే గుర్తులున్న గళ్ల మీద సమయానికి అడుగు వేయాలి. చేతులతో పనిలేదు. నున్నటి గచ్చు మీద అది జారిపోతోందని, అడుగులు సరిగా పట్టడం లేదని మనీషా నెలలోపే విసుగెత్తి మూలకు తోసేసింది. తుడిచి మడతపెట్టమంటే పద్మకుమారి తుడిచింది. మడత మాత్రం పెట్టలేదు.

దబ్బనంతో మ్యాట్ అంచుల్ని పాత టార్పాలిన్‌కు కుట్టి, ఆ టార్పాలిన్ చివర్లు మనీషా మంచం కోళ్ల కింద పెట్టింది. ఇక జారలేదు. మొదట్లో ప్రతి అడుగుకీ కాలు మళ్లీ మధ్యకు తెచ్చుకునేది. అంతలో తర్వాతి బాణం దాటిపోయేది. పడ్డచోటే కాలు ఉంచి రెండోది కదపాలని మెల్లగా తెలిసింది. మడమ మోపితే ఒక్కోసారి రెండు గళ్లు నొక్కుకుపోతాయి కాబట్టి వేళ్లతోనే తాకేది. చప్పుడైతే పక్కగదిలో అత్త లేస్తుంది. అందుకే టీవీ గొంతు పూర్తిగా నొక్కేసి ఆడేది. అలా ఆ పాట ఆమె కాళ్లకు వచ్చింది గానీ చెవులకు రాలేదు.

ఆ రోజు అమ్మన్నమ్మ నిద్రపోకుండా గుడికి బయలుదేరింది.

"పిన్నీ, మామ్మ ఎల్లిపోయింది. సౌండు పెట్టేనా?" మనీషా రిమోట్ పట్టుకుని నిలబడింది.

"ఒద్దమ్మీ."

"ఒక్కసారే. నువ్వసలు ఆ పాట ఇన్నేలేదు కదా!"

పాట మొదలైంది. ఆమె ఊహించుకున్న దానికన్నా మోటుగా, గట్టిగా ఉంది. ఏ భాషో తెలియదు. మధ్యలో కాసేపు బాణాలు రాని చోటు ఒకటుంది. అక్కడ యంత్రం ఆగుతుందనుకుని ఇన్నాళ్లూ కాలెత్తి కాచుకునేది. ఆగేది యంత్రం కాదు. పాడే మనిషి అక్కడ గుండెల నిండా ఊపిరి తీసుకుంటోంది. అది విని పద్మకుమారి అలాగే నిలబడిపోయింది. బాణాలన్నీ దాటిపోయాయి.

"మల్లీ ఎట్టు," అంది.

ఈసారి వేళ్లతో తాకలేదు. పాదం మొత్తం మోపింది. కొప్పు ఊడింది. టార్పాలిన్ దడదడలాడింది. మనీషా చప్పట్లు కొడుతోంది. ఇద్దరూ నవ్వుతున్నారు. కొబ్బరికాయ మర్చిపోయి వెనక్కొచ్చిన అమ్మన్నమ్మ గుమ్మంలో ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో ఎవరూ చూడలేదు.

ఆమె కోప్పడలేదు. టీవీ స్విచ్ తనే ఆపింది.

"కాళ్లు నొప్పెట్టవా అమ్మీ?" అంది మెల్లగా. "కింద కొట్లో మనుసులున్నారు. ఇంటే ఏటనుకుంటారు? రేపట్నుంచి మద్దేన్నం కూడా గొడౌన్లోనే ఉండు. సరుకు శానా ఉంది."

"మామ్మా, నేనే..." అని మనీషా ఏదో అనబోయింది.

"అలాగే అత్తా," అంది పద్మకుమారి, కొప్పు ముడేసుకుంటూ.

ఆ సాయంత్రం గొడౌన్ ఊడుస్తున్న ఎర్రమ్మ దగ్గరికి వెళ్లి నిలబడింది.

"హాస్టల్లో ఆ పని ఇంకా ఉందేటి?"

ఎర్రమ్మ చీపురు ఆపింది. "ఉందమ్మా. ఎల్తావా?"

"బండెప్పుడు?"

"తెల్లారగట్ల కోరాపుట్ బస్సుంది. అక్కణ్ణుంచి ఇంకోటి ఎక్కాల. తోడు రానా?"

"ఒద్దు. దారి సెప్పు, సాలు."

మర్నాడు అమ్మన్నమ్మ లేచి, మంచం మీదే కూర్చుని కాఫీ కోసం పిలిచింది. మళ్లీ పిలిచింది. గొడౌన్లో ఉందేమోనని మెట్ల దగ్గరకొచ్చి తొంగిచూసింది. గొడౌన్ తాళం తీయనే లేదు. మనీషాను లేపి అడిగింది. ఆ అమ్మాయి దుప్పటి మొహం మీదికి లాక్కుని అటు తిరిగి పడుకుంది. ముసలామె గోడ పట్టుకుంటూ వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి తుడిచి శుభ్రంగా ఉంది. గట్టు మీద ఆమె కోసం పెట్టిన స్టీలు గ్లాసు, దాని మీద మూతగా చిన్న పళ్లెం. తీసి చూసేసరికి కాఫీ మీద మీగడ కట్టి ఉంది.