ఎర్ర మీట

నేను ఒక టేప్ రికార్డర్‌ను. నాతో పాటు తయారైనవాళ్ళు పెళ్ళిళ్ళలో పాటలు పాడుకుంటూ సుఖపడ్డారు. నన్ను మాత్రం విశ్వవిద్యాలయం ఇంగ్లిషు శాఖ వారు కొన్నారు. వీపు మీద తెల్ల పెయింటుతో నంబరు రాసి, బీరువాలో పెట్టి తాళం వేశారు. వాడితే పాడవుతానని వాళ్ళ భయం.

నాలుగేళ్ళ తర్వాత నన్ను బయటికి తీసినవారు విద్యాధర్ మాస్టారు. బయోకెమిస్ట్రీ పిల్లలకు గురువారం మధ్యాహ్నం ఇంగ్లిషు చెప్పేవారు. ప్రాక్టికల్స్ ముగించుకుని, చేతులకు యాసిడ్ వాసనతో వచ్చేవారు వాళ్ళు. ఎవరు చేసిన ప్రయోగం గురించి వాళ్ళు రెండు నిమిషాలు ఇంగ్లిషులో మాట్లాడాలి, నేను రికార్డు చెయ్యాలి, తర్వాత అందరూ వినాలి. మనుషులకు తమ గొంతు వింటే సిగ్గు, ఎదుటివాళ్ళ గొంతు వింటే నవ్వు.

యాకలక్ష్మి గొంతు విన్నప్పుడు క్లాసంతా నవ్వింది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ల్యాబులో మాత్రం ఆమెను మించినవాళ్ళు లేరు. ఆ రోజు తర్వాత క్లాసులో ఆమె నా ముందు ఇంగ్లిషులో నోరు విప్పలేదు.

ఆ ఏడు బయోకెమిస్ట్రీ శాఖలో ఒకే ఒక పరిశోధన సీటు ఉంది. అది ఆమెకు రావాలని మాస్టారి తపన. ఆమె ప్రయోగం గురించి తానే చక్కటి ఇంగ్లిషులో ఒక ప్రసంగం రాసి ఇచ్చారు. నెల రోజులు ఆమె దాన్ని బట్టీ పట్టింది.

ఇంటర్వ్యూకు నన్నూ తీసుకెళ్ళారు, వచ్చే ఏటి పిల్లలకు నమూనాగా వినిపిద్దామని. యాకలక్ష్మి గడగడా అప్పజెప్పింది. మాస్టారి ముఖం వెలిగిపోయింది. అప్పుడు కమిటీ పెద్దాయన ఇంగ్లిషులో ఒక్క ప్రశ్న వేశాడు. మొదటిసారి నీ ప్రయోగం ఎందుకు చెడింది, అని. అది కాగితంలో లేదు. ఆమె "గౌరవనీయులైన పెద్దలకు నమస్కారం" అని అర్థం వచ్చే తొలి ఇంగ్లిషు వాక్యం దగ్గర మళ్ళీ మొదలుపెట్టింది. చివరిదాకా చెప్పింది. ఎవరూ ఆపలేదు. సీటు ఇంకొకరికి పోయింది.

సాయంత్రం ఆమె కాగితం మడిచి తెచ్చి మాస్టారి బల్ల మీద పెట్టింది.

"ఒక్క ముక్క గూడ పోలే సార్. మరి ఎందుకు ఇయ్యలే?"

మాస్టారు మడత విప్పి కాగితం మళ్ళీ చదివారు. ఆమె వెళ్ళిపోయాక, ఎక్కడ తప్పు జరిగిందో విందామని నా మీట నొక్కారు. తొందరలో క్యాసెట్ తిరగేసి పెట్టారు. అటువైపు పాత క్లాసు ఉంది. ఆ రోజు ఆయన నన్ను ఆపడం మరిచి బయటికి వెళ్ళినప్పుడు, యాకలక్ష్మి పక్కమ్మాయితో అన్న మాటలు వినిపించాయి.

"మొలకలను మంచుల పెట్టి నూరాలె. మొదటిసారి మనకెందుకు రాలేదంటవ్? నూరంగనే మంచు కరిగింది, మనం చూస్కోలే. వేడి తాకితే ఎంజైమ్ సచ్చిపోతది గదా."

పెద్దాయన అడిగింది సరిగ్గా అదే. జవాబు రెండు నెలలుగా నా కడుపులో ఉంది. మాస్టారు నన్ను చంకన పెట్టుకుని బయోకెమిస్ట్రీ శాఖాధిపతి దగ్గరికి పరుగెత్తారు. ఆయన చివరిదాకా విన్నాడు.

"పిల్లకు తెలివి ఉన్నది సార్. ఇంగ్లిషుల చెప్పలేదు గదా. ఇప్పుడు కమిటీ ఎక్కడున్నది?"

మాస్టారు క్యాసెట్ మీద ఆమె పేరు రాసి దాచుకున్నారు. మరుసటి ఏడు కొత్త క్యాసెట్ల కోసం అర్జీ పెట్టారు, రాలేదు. కొత్త పిల్లలు వచ్చారు. కమిటీ మారలేదు కాబట్టి ప్రసంగమూ మారలేదు. మాస్టారు ఆ పేరును ఒక గీతతో కొట్టేసి, క్యాసెట్ నాలో పెట్టి, ఎర్ర మీట మీద వేలు ఉంచి చాలాసేపు కూర్చున్నారు. తర్వాత నొక్కారు.

ఎర్ర మీట నొక్కితే పాతది చెరిపి కొత్తది రికార్డు చెయ్యడం నా పని. వద్దనే నోరు నాకు లేదు. ఇప్పుడు విరిగిన మైక్రోస్కోపుల మధ్య స్టోరు గదిలో పడి ఉన్నాను. క్యాసెట్ ఇంకా నాలోనే ఉంది. మంచు కరిగిందని ఆమె చెప్పిన చోట, ఇప్పుడు ఎవరో అబ్బాయి గౌరవనీయులైన పెద్దలకు నమస్కారం చెబుతుంటాడు.