వేళ్లమ్మకు దొరకని సూదిమొన

చిన్నపిల్లల బట్టలు కుట్టే ఆ కార్ఖానాలో సూది విరిగితే మిషను ఆగిపోవాల్సిందే. విరిగిన ముక్కలన్నీ ఏరి, అట్ట మీద టేపుతో అతికించి, సూది మొత్తం దొరికిందని చూపిస్తే గానీ కొత్త సూది ఇవ్వరు. మొన దొరకలేదా, అప్పుడు కుట్టిన బట్టలన్నీ చివరి బల్ల దగ్గరికి, వేళ్లమ్మ చేతికి వస్తాయి. ఇనుమును పసిగట్టే యంత్రం ఒకటుంది గానీ, అది పనిచేసే రోజుల కన్నా కునుకు తీసే రోజులే ఎక్కువ.

కుట్టు మడతల్లోకి వేలు పోనిచ్చిందంటే ఆవగింజలో సగమున్న మొననైనా పట్టేస్తుందని తోటివాళ్లు పెట్టిన పేరే వేళ్లమ్మ. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసిన ఆమెకు ఆ వేళ్లే చదువు.

బడి మానేసింది నాన్న పోయినందుకు. నలభై నిండకుండానే, పనికి బయల్దేరుతూ, చొక్కా గుండీలు సగం పెట్టుకుని అలాగే కూలిపోయాడు. కార్ఖానాలో రక్తపరీక్షలు చేసి, కొలెస్ట్రాల్ బాగా ఎక్కువగా ఉందని చెప్పినప్పుడు ఆమెకు ముందు ఆ గుండీలే గుర్తొచ్చాయి. ఆ వెంటనే నాలుగేళ్ల కూతురు.

"కొవ్వా? నీకా?" అత్త నవ్వింది. "గాలి గట్టిగా వీస్తే ఎగిరిపోయేలా ఉన్నావు. మాటల్లో ఉందంటే నమ్ముతాను గానీ, ఒంట్లో ఎక్కడుందే?"

డాక్టరు మాత్రం నవ్వలేదు. తండ్రి నుంచి వచ్చిందన్నాడు. రోజుకో మాత్ర రాశాడు.

రెండో నెలలో అరికాళ్లు మండటం మొదలైంది. నేల మీద అడుగు పెడితే వేడి పెనం మీద పెట్టినట్టే. తర్వాత వేలికొసల్లో చీమలు పాకాయి. వెళ్లి చెప్పింది.

"కాళ్లు మంటలండీ, డాక్టరుగారూ."

"నిలబడి చేసే పని కదమ్మా. నీళ్లు బాగా తాగు." ఆయన కంప్యూటరు మీంచి చూపు తిప్పలేదు. వెనక ఇంకా ఇరవై మంది ఉన్నారు. వేళ్ల సంగతి చెప్పకుండానే ఆమె లేచి వచ్చేసింది.

ఇంటికొచ్చి తన వైద్యం తనే చేసుకుంది. మాత్ర మానేసింది. నెల తిరిగేసరికి వేళ్లకు ప్రాణం వచ్చింది. కొలెస్ట్రాల్ కూడా మళ్లీ మొదటికొచ్చింది.

"మాత్ర రోజూ వేసుకుంటున్నావా?" కాగితం చూస్తూ అడిగాడు డాక్టరు.

"వేసుకుంటున్నానండీ."

చిన్నప్పుడు లెక్కల పుస్తకం ఇంట్లో మర్చిపోయానని చెప్పిన గొంతే అది. డాక్టరు నమ్మి, మోతాదు రెట్టింపు చేశాడు.

తన అబద్ధం వల్లే రెట్టింపైందని ఆమెకు తెలుసు. కానీ కాగితం మీది అంకె ఆమెను వదల్లేదు. నాన్నకి ఎంత ఉండేదో ఎవరికి తెలుసు? ఇంతే ఉండేదేమో. ఈసారి ఒక్క పూట తప్పకుండా వేసుకుంది.

మూడు వారాలకు వేళ్లు గుడ్డ చుట్టినట్టయిపోయాయి. జడ వేస్తుంటే పాప "అమ్మా, గట్టిగా లాగుతున్నావ్" అని ఏడ్చేది. గ్లాసు జారి పగిలితే అత్త అందుకుంది. "పని చెప్తే చేతులు నొప్పి, నడవమంటే కాళ్లు నొప్పి. ఆ నోటికి మాత్రం ఏ జబ్బూ రాదు."

ఆ వారంలోనే ఒక సూది విరిగింది. మొన దొరకలేదు. నలభై గౌన్లు వేళ్లమ్మ ముందుకొచ్చాయి. ఒక్కోటీ రెండుసార్లు తడిమింది. అన్ని మడతలూ ఒకేలా, మొద్దుగా తగిలాయి.

"ఏమే, తేలిందా?" సూపర్‌వైజరు వచ్చి నిలబడింది.

వేళ్లు పనిచేయడం లేదక్కా అనాలి. అంటే ఈ బల్ల పోతుంది.

"ఏమీ లేదక్కా. కిందెక్కడో పడుంటుంది."

ఆమె మాటకు తిరుగు లేదు. గౌన్లు పెట్టెల్లోకి వెళ్లిపోయాయి. మరక పడిన గౌను ఒక్కటి మిగిలితే, "మీ పాపకి సరిపోతుంది, పట్టుకుపో" అంది సూపర్‌వైజరు.

మర్నాడు పొద్దున ఆ గౌను తల మీంచి దించగానే పాప కెవ్వుమంది. మెడ కింద చిన్న రక్తపు బొట్టు. కాలరు మడతలో, దారాల మధ్య, తళతళలాడుతూ మొన.

దాన్ని కాగితంలో చుట్టి కార్ఖానాకి తీసుకెళ్లింది. అట్ట మీద ఖాళీగా ఉన్న చోట పెడితే అతికినట్టు సరిపోయింది.

"నీ పాపకి గుచ్చుకుంది కాబట్టి తెచ్చావు," అంది సూపర్‌వైజరు. "ఇంకో పాపకైతే?"

వేళ్లమ్మ ఆ మొన మీద టేపు అతికించింది. ఆ మధ్యాహ్నమే ఆమెను పెట్టెలు మోసే వైపు పంపేశారు.

అక్కడి నుంచి నేరుగా డాక్టరు దగ్గరికెళ్లి అంతా చెప్పింది, మానేసిన మాత్రలతో సహా.

"అప్పుడే చెప్పి ఉంటే మందు మార్చేవాణ్ని కదమ్మా!"

"కాళ్లు మంటలని చెప్పాను కదండీ. నీళ్లు తాగమన్నారు."

డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మాత్ర వల్ల కావచ్చు, ఇంకేదైనా కావచ్చు, దీన్ని ఆపి చూద్దామన్నాడు. షుగరుకీ విటమిన్లకీ పరీక్షలు రాశాడు. తర్వాత వేరే రకం మందు మొదలుపెడదామన్నాడు. "నీ అంతట నువ్వు మాత్రం ఏదీ ఆపకు."

"మీరు కూడా తల తిప్పి చూడండి," అనేసి లేచింది.

రెండు నెలలకు కొలెస్ట్రాల్ కాస్త దిగింది. కాళ్ల మంట తగ్గింది. వేలికొసలే ఇంకా పూర్తిగా తేరుకోలేదు. చివరి బల్ల దగ్గర వేరే అమ్మాయి కూర్చుంటోంది. ఆ అమ్మాయికి ఇంకా ఎవరూ అలాంటి పేరు పెట్టలేదు. వేళ్లమ్మనేమో అందరూ ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తున్నారు. పిలిచిన ప్రతిసారీ ఒళ్లు మండుతుంది.

రోజూ పొద్దున పాపకు తొడిగే ముందు బట్టల కుట్లన్నీ పెదాల మీదుగా జరుపుకుంటుంది. చిన్న మొననైనా పట్టేందుకు మిగిలినవి పెదాలే.

"నా గౌనుకెందుకమ్మా ముద్దులు?" పాప నవ్వుతుంది.

ఆమె గౌను రెండో చేతి మడత విప్పుతుంది.