కోడలు నడిపిన లిఫ్టు

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా రేపటి నుంచి మెట్లెక్కే పైకి పోతాను. ఈ మోకాళ్లు పెట్టుకుని అంత మాట అన్నాక కూడా నమ్మకపోతే ఇక నీ ఇష్టం.

పొద్దున ఆరింటికి, పాల ప్యాకెట్లు వచ్చే వేళకి, కోడలు మొహం కడుక్కుని, గిటారు శ్రుతి చేసుకుని, లిఫ్టు జాలీ పక్కన స్టూలు వేసుకుని కూర్చునేది. వాళ్ల ఇల్లంటే కింది అంతస్తులో లిఫ్టుకు ఆనుకుని ఉన్న ఒక్క గది. ముగ్గురు మనుషులు, ఒక స్టవ్వు, రెండు గిటార్లు. ఒకరు ఒళ్లు విరుచుకోవాలంటే మిగతా ఇద్దరూ బయటికి నడవాలి. అందుకేనేమో, మొగుడు దూరపు బస్సులు నడిపే పని వెతుక్కుని వారానికోసారి కనిపించేవాడు. మామగారు మాత్రం గది కదిలేవాడు కాదు. నలభై ఏళ్లు హోటళ్లలో జాజ్ గిటారు వాయించి వచ్చిన మనిషి.

ఆ లిఫ్టుకి మోటారు లేదు. కాలిపోతే బాగుచేసి తెస్తానని ఒకడు పట్టుకుపోయి పద్దెనిమిదేళ్లు. ఈపాటికి వాడికి మనవలు పుట్టి, వాళ్లకి మీసాలు కూడా వచ్చి ఉంటాయి. మోటారు పోయిన సాయంత్రమే పెద్దాయన గదిలో ఏదో వాయించుకుంటుంటే, లిఫ్టులో నిలబడి ఈల వేసుకుంటున్న ఇస్త్రీ మనిషి బట్టల మూటతో సహా మూడో అంతస్తుకు చేరాడు. దిగి, బట్టలిచ్చి, తన దారిన తను పోయాడు. ఫ్లాట్ల సంఘం వాళ్లు రిజిస్టర్లో 'లిఫ్టు బాగయింది' అని రాసుకుని, లిఫ్టు నడిచినన్నాళ్లూ గది నీదే పొమ్మన్నారు.

ఎక్కినవాళ్లు ఏదో ఒక కూనిరాగం తియ్యాలి, అంతే. రాగం రాకపోతే తాళంచెవులు ఆడించినా చాలు. జాలీలోంచి అది విని పెద్దాయన దాని కిందికి గిటారు చేర్చేవాడు. పాట ఎక్కినవాళ్లది, మొయ్యడం గిటారుది. ఒకసారి పియానోతో సహా పద్నాలుగు మందిని ఐదో అంతస్తుకు దూదిపింజలా ఎత్తాడు. నేను కాబట్టి పద్నాలుగు అంటున్నాను, చూసినవాళ్లయితే ఇరవై అంటారు.

నిరుడు ఆయన ఎడమచేతి వేళ్లు బిగుసుకుపోయాయి. చెంచా పట్టగలడు, తీగ నొక్కలేడు. ఇక మిగిలింది కోడలు.

కోడలికి చెవి ఉంది, చెయ్యి ఉంది, ఓర్పయితే ఊరంత ఉంది. వచ్చిన చిక్కల్లా ఆమె పెళ్లికి ముందు టైపు పని చేసింది. చెరిపితే ఒప్పుకోని ఆఫీసు. ఒక్క అక్షరం తప్పితే కాగితం లాగేసి మళ్లీ మొదటి నుంచి కొట్టాలి. ఆ అలవాటు వేళ్లలో ఇంకిపోయింది. గిటారు మీద ఒక్క స్వరం తప్పిందా, టక్కున ఆపి పాట మొదటికొచ్చేది. పాట మొదటికొస్తే లిఫ్టూ మొదటికే, అంటే కిందికే. రెండో అంతస్తు టీచరమ్మ ఇంటికెళ్దామని ఎక్కి తొమ్మిదిసార్లు కిందికొచ్చి, పదోసారి అక్కడే కూర్చుని పరీక్ష పేపర్లన్నీ దిద్దేసుకుంది. నాలుగో అంతస్తావిడ కొన్న ఐసుక్రీము ఇల్లు చేరేసరికి గ్లాసులో పోసి ఇవ్వాల్సొచ్చింది.

సంఘం సెక్రటరీ ఉన్నాడే, ఆయన్ని అందరూ రూల్సుగారంటారు. పెళ్లాంతో పోట్లాడినా ఎజెండా ప్రకారమే పోట్లాడతాడు. ఆయనొచ్చి గుమ్మంలో నిలబడి, ఆదివారం పదింటికి తనే లిఫ్టు ఎక్కుతానని చెప్పాడు. ఒక్కసారి కూడా మళ్లీ కింది అంతస్తుకు దిగకుండా ఆరో అంతస్తు చేరిస్తే సరే. దిగిందా, కొత్త మోటారు వస్తుంది, ఆ మోటారు పెట్టుకోవడానికి ఈ గది ఖాళీ కావాలి.

అది మంగళవారం. ఆ అయిదు రోజులూ మామాకోడళ్లు అన్నం తిన్నారో లేదో ఆ స్టవ్వుకే తెలియాలి.

కోడలు కంగారులో ఆరు తీగలూ కలిపి దంచేది. వాయించేవాళ్లు కార్డ్ అంటారే, ఆ స్వరాల గుత్తి, అది మొత్తంగా మోగిస్తే గోడల సున్నం రాలింది గానీ ఖాళీ లిఫ్టు కూడా జానెడు లేవలేదు. లావు తీగ వదిలెయ్యమన్నాడు మామగారు. ఆ అడుగు స్వరం లిఫ్టు తాళ్లు ఎలాగూ తీస్తూనే ఉంటాయి, నువ్వూ అదే వాయిస్తే ఒకే కుర్చీలో ఇద్దరు కూర్చున్నట్టని చెప్పాడు. మధ్యలో రెండు తీగలు చాలట.

"ఆరు ఉన్నాయి కదా మామయ్యా."

"నోట్లో ముప్ఫైరెండు పళ్లున్నాయని అన్నీ బయటపెట్టి మాట్లాడతామా అమ్మా?"

రెండు తీగలకి ఖాళీ లిఫ్టు పిల్లిలా లేచింది. కోడలికి ప్రాణం లేచొచ్చింది. గురువారానికి వేళ్లు ఎంత కాయలు కాశాయంటే, ఉడుకుతున్న గిన్నె ఒట్టి చేత్తో దింపి, మూత ఏదని నెమ్మదిగా వెతుక్కుంది. శనివారం మాత్రం గిటారు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుండిపోయింది.

"ఎక్కినవాళ్లు మధ్యలో ఊరుకుంటే?"

"అప్పుడు నువ్వే పాట. అక్కడికక్కడ అల్లుకుంటూ పోవడమే. ఎవరో ఒకరు వచ్చి కలుస్తారు."

"తప్పు పడితే?"

"ఇంకోసారి అదే వాయించు. ఒకసారి పడితే తప్పు, రెండోసారి నువ్వే కావాలని వేసినట్టు. ఒప్పెప్పుడూ తీగ మీద పక్క గడిలోనే ఉంటుంది, వేలు జరిపితే సరి."

చెవులు విన్నాయి. వేళ్లు మాత్రం టైపు మిషను దగ్గరే ఉన్నాయి.

ఆదివారం పదింటికి నలభై ఇళ్లవాళ్లూ మెట్ల మీదే. సూది పడేద్దామన్నా చోటు లేదు. రూల్సుగారు గది ఖాళీ చెయ్యమనే నోటీసు సంతకంతో సహా జేబులో పెట్టుకుని వచ్చాడు. అందివ్వడమే తరువాయి. పెద్దాయన సైగలు చెయ్యకుండా కుర్చీలో, రెండు చేతులూ మోకాళ్ల మీద కనబడేలా కూర్చోవాలన్నాడు. తాళంచెవులు భార్య చేతికిచ్చాడు. మెత్తని చెప్పులు వేసుకొచ్చాడు. పెదాలు కవరు అంటించినట్టు బిగించి లిఫ్టెక్కి తలుపేసుకున్నాడు.

కోడలు జాలీకి చెవి ఆనించింది. ఏమీ లేదు. అంతమంది మెట్ల మీద ఉన్నా, అందరి చొక్కా గుండీల చప్పుడు కూడా వినపడేంత నిశ్శబ్దం. అప్పుడు జాలీలోంచి సన్నగా ఒక కీచు. రూల్సుగారికి జలుబు. రూల్సెన్ని ఉన్నా మనిషి ఊపిరి పీల్చాలి కదా, ఎడమ ముక్కు ఈల వేస్తోంది.

ఆ ఈల కిందికి కోడలు రెండు తీగలు జార్చింది. లిఫ్టు కదిలింది. ఒకటి. రెండు. ఒక ఈల, ఒక కార్డ్. మూడు కూడా దాటింది.

నాలుగు అందబోతుండగా రూల్సుగారికి సంగతి అర్థమైంది. ఊపిరి బిగబట్టాడు.

కోడలి కింద నేల లాగేసినట్టయింది. వేలు జారింది. పక్క తీగ అరిచింది. లిఫ్టు ఒక్క కుదుపు కుదిపి, మూరెడు జారి, గాలిలో ఊగుతూ ఆగింది. మెట్ల మీద ఎవరో అయ్యో అన్నారు, ఎవరో వాళ్ల నోరు మూశారు. కోడలి వేళ్లు అప్పటికే పాట మొదటికి బయల్దేరాయి, కాగితం లాగెయ్యడానికి. ఆమె మామగారి వైపు చూసింది. ఆయన కప్పు వైపు చూస్తున్నాడు. మోకాళ్ల మీద ఆ రెండు చేతులూ, ఎండిన అల్లంకొమ్ముల్లా. ఆ చేతులతో ఈ వయసులో ఆయన ఏ గుమ్మం ఎక్కుతాడు?

ఆ వేళ్లని ఆమె దారిలోనే ఆపింది. తప్పు పడిన చోటే మళ్లీ నొక్కింది.

అదే కార్డ్, ఈసారి మెల్లగా. లిఫ్టు జారలేదు. మూడోసారి. తర్వాత ఒక్క గడి జరిపింది, ముల్లు తీసినంత సుఖంగా మోగింది. జత కలవడానికి పైనుంచి ఈల లేదు, ఊపిరి లేదు. సరే, తనే మొదలుపెట్టింది. ఒక్కో స్వరం, ముందేముందో తెలియకుండా, చీకట్లో స్విచ్చు కోసం గోడ తడుముకున్నట్టు. ఆ అల్లికలో టైపు మిషను చప్పుడుంది, బస్సు హారనుంది, అయిదు రోజుల ఆకలుంది. కాలేజీలో సగం పాడి ఆపేసిన పాట రెండో అంతస్తు టీచరమ్మకి అక్కడికక్కడే గుర్తొచ్చిందట. లిఫ్టు మాత్రం ఉన్నచోటే ఊగుతోంది. ఖాళీ లిఫ్టునైతే గిటారు ఒక్కటే ఎత్తుతుంది, మనిషిని మొయ్యాలంటే దానికి ఆ మనిషి పాట కావాలి.

లోపల రూల్సుగారి ఊపిరి అయిపోవచ్చింది. మొహం వంకాయ రంగుకొచ్చి ఉంటుంది. ఎంతసేపని బిగబడతాడు. గాలి ఒక్కసారిగా బయటికొచ్చింది. వచ్చింది ఉత్తగా రాలేదు, గొంతుని వెంటబెట్టుకొచ్చింది. ఊఁ, అని. తర్వాత ఇంకోటి. ఆ రాగం ఏమిటో ఆయనకే తెలియదు. శ్రుతి అటు, తాళం ఇటు, గొంతు ఎటూ కాకుండా. కానీ ఆగలేదు.

కోడలు మరుక్షణం చిన్నదైపోయింది. అల్లిక ఆపి, రెండే తీగలతో ఆ బొంగురు గొంతు కిందికి చేరింది. ఆయన ఎక్కడ తప్పితే అక్కడ ఆ తప్పునే ఒప్పు చేస్తూ, ఆయన ఆగిన చోట ఆగుతూ, ఆయన ఎత్తుకుంటే ఎత్తుతూ. నాలుగు. అయిదు. లిఫ్టు ఎప్పుడు ఆరో అంతస్తు చేరిందో, తలుపు ఎప్పుడు తెరుచుకుందో ఆయన చూసుకోనేలేదు. పైనున్నవాళ్లు తొంగి చూస్తే కళ్లు మూసుకుని పాడుకుంటున్నాడు.

కిందికొచ్చాక మొహం గంభీరంగా పెట్టి, "వినపడింది తాళ్ల చప్పుడు, నాది కాదు," అన్నాడు.

"అవునండీ. మంచి తాళ్లు," అన్నాడు పెద్దాయన.

జేబులోంచి నోటీసు తీశాడు. కోడలు స్టూలు పట్టుకుని నిలబడింది. ఆయన కాగితం వెనక్కి తిప్పి, ఖాళీ వైపున, 'లిఫ్టు నడుచుచున్నది, గది విషయమున మార్పు లేదు' అని రాసి, తేదీ వేసి, ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాంట్లో అక్షరం తప్పులు వెతికి, లేవని తేలాక స్టూలు మీద కూర్చుంది.

అప్పటినుంచి రూల్సుగారు తనిఖీ పేరుతో రోజుకి పన్నెండుసార్లు లిఫ్టెక్కుతున్నాడు. పక్క ఇంట్లో వంట కూడా ఆయన పాట వినే మొదలుపెడుతున్నారు.

సరే, నువ్వింక లే. వీధి చివర గిటార్ల కొట్టుంది చూడు, వెళ్లి మూడో తీగ ఒకటి పట్టుకురా. పొద్దున్నే తెగింది, అయిదో అంతస్తు దాటుతుండగా. కోడలు మిగిలిన ఒక్క తీగతో రూల్సుగార్ని గాలిలో ఆపి ఉంచింది, ఆయన పాడుతూనే ఉన్నాడు. నేను నీతో ఇంత తీరిగ్గా కబుర్లు చెప్పానని ఆయనకి చెప్పకు. గొంతు పూర్తిగా పోయేలోగా వచ్చెయ్, కొంచెం గబగబా నడు.